ఉప్పు జాడీ, కారు తలుపు

వానాకాలంలో ఉప్పు జాడీ అడుగున నీళ్లు చేరడం మనందరి వంటిళ్లలోనూ ఉన్నదే. మా అమ్మ గుప్పెడు బియ్యం గుడ్డలో మూటగట్టి జాడీలో పడేసేది. శ్రీకాకుళంలో అది మూడు నెలల ముచ్చట. అండమాన్‌లో, ఈ హోప్ టౌన్‌లో, ఆ మూట ఏడాది పొడుగునా జాడీలోనే ఉంటుంది.

దీని వెనక ఒక అంకె ఉంది: 75. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ గాలిలోంచే నీళ్లు లాక్కుని, ఆ నీళ్లలో తనే కరిగిపోతుంది. సముద్రపు ఉప్పు అంతవరకు కూడా ఆగదు. అందులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతం తేమ దొరికితే చాలు. ఇక్కడ ఏడాదిలో చాలా రోజులు తేమ 75కి పైనే. అంటే ఉప్పు ఒకసారి ఎక్కడైనా పడిందా, ఆ చోటు ఇక ఆరదు. ఎండ కాసినా, పైకి చేతికి పొడిగా తగిలినా, లోపల సన్నటి ఉప్పునీటి పొర అలాగే ఉంటుంది.

జాడీ గురించి ఇంత చెప్పింది ఎందుకంటే, అదే ఉప్పు మా కారు అడుగున కూడా ఉంది.

హోప్ టౌన్ అంటే తెలియనివాళ్లకు: శ్రీ విజయపురం రేవుకు ఉత్తరపు ఒడ్డున, కొండ పాదాల దగ్గర ఉన్న ఊరు. శ్రీ విజయపురం అంటే 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్. ఆ కొండ 2021 దాకా మౌంట్ హ్యారియట్, ఇప్పుడు మౌంట్ మణిపూర్. పేర్లన్నీ మారాయిగానీ మా ఊరి పేరు మాత్రం మారలేదు. చరిత్ర పుస్తకాల్లోకి మా ఊరు ఎక్కింది ఒకే ఒక్క సాయంత్రం వల్ల. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయోను షేర్ అలీ అఫ్రిదీ పొడిచి చంపింది ఇక్కడి జెట్టీ దగ్గరే. రోజువారీ బతుకులో అదెవరికీ గుర్తుండదు. గుర్తుండేదల్లా మా ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్ నుంచి పట్నం వైపున్న చాథమ్‌కు వెహికల్ బోటు ఎన్నింటికనేదే. బోటెక్కితే పావుగంటలో పట్నం. అది తప్పిపోయి రోడ్డున చుట్టి వెళ్లాలంటే నలభై కిలోమీటర్లకు పైమాటే.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో 3,80,581 మంది ఉంటే, అందులో 13 శాతం మందికి తెలుగే ఇంటి భాష. ఎక్కువమంది ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చినవాళ్లే. వాళ్లలో కార్లు కొంటున్నవాళ్లూ పెరిగారు. కొనేటప్పుడు విశాఖలో బంధువులను అడిగి కొంటాం, వాడేటప్పుడూ వాళ్లు చెప్పినట్టే వాడతాం. చిక్కంతా అక్కడే వస్తోంది. వాళ్లు కారు వయసును కిలోమీటర్లలో లెక్కేస్తారు. ఇక్కడ ఆ లెక్క పనికిరాదు.

నాదే చూడండి. 2017లో కొన్న చిన్న కారు. ఏడేళ్లలో 29,000 కిలోమీటర్లు తిరిగింది. అంటే ఏడాదికి నాలుగు వేల పైచిలుకు. సర్వీసు పుస్తకంలో "10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు, ఏది ముందైతే అది" అని రాసి ఉంటుంది. నేను మొదటి సగమే చదివాను. ఆ లెక్కన ఇంజిన్ ఆయిల్ రెండున్నరేళ్లకు ఒకసారి మార్చాను, పైగా పొదుపు చేశానని మురిసిపోయాను కూడా. బాంబూఫ్లాట్‌లో సోంపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్ద మేస్త్రి ఉన్నాడు. ఆయిల్ పుల్ల తీసి, గుడ్డకు తుడిచి, ఆ గుడ్డ నా ముక్కు దగ్గర పెట్టాడు. "మీటరు సూసి ఏటి సేత్తావు బాబూ? ఇది సూడు" అన్నాడు. ఆయిల్ పోసే చోటి మూత లోపలి వైపు లేత కాఫీ రంగులో నురగలాంటి జిగురు. ఆయిల్లో నీళ్లు కలిస్తే వచ్చేది అదే.

ఆ నీళ్లు ఎక్కడివి? వానవి కావు, సముద్రానివీ కావు. పెట్రోలువే. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. పెట్రోల్లోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆవిరై సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. చల్లటి ఉదయం బండి స్టార్ట్ చేయగానే వెనక గొట్టంలోంచి చుక్కలు కారేది అందుకే. ఇంజిన్ పూర్తిగా వేడెక్కితే ఆ ఆవిరి ఆవిరిగానే వెళ్లిపోతుంది. వేడెక్కకముందే ఆపేస్తే సైలెన్సర్లోనూ ఇంజిన్ అడుగునా నీరై కూర్చుంటుంది. ఇంటి నుంచి జెట్టీకి నాలుగైదు కిలోమీటర్లు, అక్కడ ఇంజిన్ ఆపి బోటు కోసం ఎదురుచూపు, అవతలి ఒడ్డున మళ్లీ నాలుగు కిలోమీటర్లు. ఇదే మా తిరుగుడు. ఏడాదికి 4,000 కిలోమీటర్లకు, లీటరుకు 16 చొప్పున, 250 లీటర్ల పెట్రోలు. అంటే 250 లీటర్ల నీళ్లు ఆ గొట్టంలోంచి పోవాలి. అందులో కొంత లోపలే నిలిచినా చాలు, సైలెన్సర్ లోపలి నుంచి తుప్పు పడుతుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, ఒకరోజు బండి ట్రాక్టర్‌లా మోగుతుంది.

మందు చవకే. వారానికి ఒకసారైనా అరగంట ఆపకుండా నడపడం. మేం ఆదివారం ఫెరార్‌గంజ్ వైపు వెళ్లొస్తాం. ఇంట్లోవాళ్లు దాన్ని షికారు అనుకుంటారు. నిజానికి అది సైలెన్సర్ ఆరబెట్టుకోవడం. ఆయిల్ మాత్రం మీటరు ఎంత చూపించినా ఏడాదికి ఒకసారి మార్చాల్సిందే.

పెట్రోలు మాట వచ్చింది కాబట్టి ఒక శుభవార్త. దేశంలో పెట్రోలు అతి తక్కువ ధరకు దొరికే చోట్లలో అండమాన్ ఒకటి. వ్యాట్ ఒక్క శాతమే. 2024 మార్చిలో ధరలు తగ్గినప్పుడు ఇక్కడ లీటరు 82 రూపాయల 42 పైసలు, హైదరాబాద్‌లో 107 రూపాయల 41 పైసలు. తేడా పావలా తక్కువ పాతిక కూడా కాదు, పైసా తక్కువ పాతిక రూపాయలు. ఆ ధరల లెక్కన నా 250 లీటర్లకు ఏడాదికి 6,250 రూపాయల దాకా మిగులన్నమాట. ఆ మిగులు జేబులో వేసుకుంటే పొరపాటు. అది తుప్పుకు కట్టాల్సిన పన్ను. ఏడాదికో ఆయిల్ మార్పు, రెండేళ్లకో బ్రేక్ ఆయిల్ మార్పు అందులోంచి వెళ్లిపోతాయి.

మైక్రాన్ల లెక్క

తుప్పుకూ కొలత ఉంది. ఐఎస్ఓ 9223 అనే అంతర్జాతీయ ప్రమాణం గాలిని దాని తినే గుణాన్నిబట్టి సీ1 నుంచి సీ5 దాకా, ఆపైన సీఎక్స్ అని విడగొట్టింది. ఏ పూతా లేని మామూలు ఉక్కు రేకును ఏడాది పాటు ఆరుబయట ఉంచితే ఎంత మందం పోతుందన్నదే కొలమానం. సీ2లో 25 మైక్రాన్ల లోపు. సీ4లో 50 నుంచి 80. సీ5లో 80 నుంచి 200. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, మన తల వెంట్రుక మందం డెబ్బై ఎనభై మైక్రాన్లు ఉంటుంది. కాబట్టి సీ4 గాలి ఏడాదికి వెంట్రుకంత రేకును తినేస్తుంది.

కారు తలుపు రేకు ఎంత? 0.7 మిల్లీమీటర్లు, అంటే 700 మైక్రాన్లు. దాని మీద జింకు పూత ఒక్కో వైపు ఏడు నుంచి పది మైక్రాన్లు. ఆపైన రంగు పొరలన్నీ కలిపి వంద అటూ ఇటూ. రంగు లేచిపోయి జింకు గాలికి తగిలితే, సీ4లో ఏడాదికి 2.1 నుంచి 4.2 మైక్రాన్ల చొప్పున అది అరుగుతుంది. దాదాపు రెండేళ్ల నుంచి ఐదేళ్ల కాపలా. అది అయ్యాక వంతు రేకుది. రేకు కూడా అంతటా సమానంగా అరగదు, ఒకచోట గుంట పడి తొలుచుకుంటూ పోతుంది. అందుకే బియ్యపు గింజంత రంగు లేచినా ఆ వారమే టచప్ రంగు అద్దించాలి. కారు రంగుకు ఒక కోడ్ ఉంటుంది, బానెట్ కింద గానీ తలుపు స్తంభం మీద గానీ చిన్న పట్టీ మీద రాసి ఉంటుంది. ఆ కోడ్ చెప్పి చిన్న సీసా తెప్పించి ఇంట్లో పెట్టుకుంటే సరి. సరుకు ఓడలో రావాలి. చెన్నై నుంచైనా విశాఖ నుంచైనా 1,200 కిలోమీటర్ల లెక్క, రెండున్నర మూడు రోజుల ప్రయాణం, అదీ ఓడ ఉన్నప్పుడు. అవసరం పడ్డాక ఆర్డర్ పెడితే అప్పటికి తుప్పు గృహప్రవేశం చేసేసి ఉంటుంది.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట. మా ఊరు రేవు లోపల ఉంది. బయటి తీరంలోలాగా అలలు విరిగి తుంపర లేవడం ఇక్కడ తక్కువ. గాలిలో ఉప్పు కూడా ఒడ్డు నుంచి మొదటి కొన్ని వందల మీటర్లలోనే చాలామటుకు రాలిపోతుంది. కాబట్టి మా కార్లకు ఉప్పు ఎక్కువగా పట్టేది గాలి వల్ల కాదు, రెండు చోట్ల చక్రాల వల్ల. ఒకటి బోటు ర్యాంపు. పోటు మీద ఉన్నప్పుడు ర్యాంపు అంచు తడిసి ఉంటుంది, ముందున్న లారీ చిమ్మిన నీళ్లు మన బండి అడుగుకు. రెండోది పల్లపు రోడ్లు. 2004 డిసెంబరు 26 సునామీ తెచ్చిన భూకంపంలో ఈ ప్రాంతపు నేల సుమారు ఒక మీటరు కుంగింది. అప్పటిదాకా తడవని కొన్ని పల్లాల్లోకి ఆ తర్వాత పెద్ద పోటుకు సముద్రం రావడం మొదలైంది.

లీటరు సముద్రపు నీళ్లలో 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. చిన్న చెంచాతో ఆరు చెంచాలు. ఒక్కసారి ఆ నీళ్లలో బండి దింపితే అడుగున, చక్రాల గూళ్లలో, లీటరు నీళ్లయినా పట్టుకోవా? నీళ్లు ఆరిపోతాయి, ఆరు చెంచాలు మిగిలిపోతాయి. తర్వాత జాడీ కథే.

పెద్ద పోటు ఎప్పుడన్నది మాత్రం మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. గోడ మీద తెలుగు క్యాలెండరు ఉంది. అమావాస్యకూ పున్నమికీ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ పోటు ఎక్కువ. మా పక్కింటి చేపల ఆసామికి ఈ లెక్క నోటికి వచ్చు. ఆ రోజుల్లో పల్లపు దారి వదిలి, పది నిమిషాలు ఎక్కువైనా మెరక దారిన పోతాం. క్యాలెండరులో తిథి పక్కనే నేను ఆయిల్ మార్చిన తేదీ, బ్యాటరీ కొన్న తేదీ కూడా రాసుకుంటాను.

కడగడం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి

అందరూ పైన కడుగుతారు. పైన కడగడం వాన పని. అండమాన్‌లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన, హైదరాబాద్‌కు నాలుగింతలకు దగ్గర. మీకు జూన్‌లో వచ్చే రుతుపవనాలు మాకు మే మూడో వారానికే వచ్చేస్తాయి, వెళ్తూ వెళ్తూ ఈశాన్యాన్ని పంపిస్తాయి. డిసెంబరు దాకా ఆకాశమే బానెట్టూ పైకప్పూ కడిగిపెడుతుంది. వాన తగలని చోట్లే అసలు ప్రమాదం. సముద్రతీరాల్లో వానకు తడిసే రేకు కన్నా వాన తగలకుండా దాగి ఉన్న రేకే ముందు తుప్పు పడుతుంది. ఉప్పు వచ్చి చేరుతుంది, కడిగేవాళ్లు ఉండరు. కారు అడుగు అలాంటిదే. చక్రాల గూళ్లు అలాంటివే. షెడ్డులో పెట్టి కడగని కారు మొత్తంగా అలాంటిదే.

కాబట్టి జనవరి నుంచి ఏప్రిల్ దాకా, వాన లేని నెలల్లోనే ఎక్కువ కడగాలి. తంటా ఏమిటంటే నీళ్లు కరువయ్యేదీ ఆ నెలల్లోనే. పైపుతో కడిగితే నిమిషానికి పది పదిహేను లీటర్లు పోతాయి. తాగడానికి దాచుకున్న నీళ్లతో కారు కడిగానంటే ఇంట్లో పెద్ద గొడవ, న్యాయమైన గొడవే.

నేను కనుక్కున్న ఉపాయం పొలాల్లో వాడే 16 లీటర్ల చేతి పంపు స్ప్రేయర్. కొత్తదే కొనాలి, మందు కొట్టినది పనికిరాదు. సన్నటి గొట్టం కారు కింద దాకా వెళ్తుంది, మోకాళ్ల మీద కూర్చుంటే చాలు. ముందు చక్రాల గూళ్లు, వాటి వెనక అంచు మడత, తర్వాత తలుపుల కింద ఉండే పొడుగు పెట్టె లాంటి భాగం, ఆపైన సైలెన్సర్ కొక్కేలు, వెనక ఇరుసు. చివర్లో మిగిలిన నీళ్లు పైన. 16 లీటర్లలో ఒక కారు అడుగు శుభ్రంగా అయిపోతుంది. వానాకాలంలో పట్టుకున్న నీళ్లయితే మరీ మంచిది. ఉప్పునీళ్లలో దిగిన రోజు మాత్రం ఆ రాత్రికే కడగాలి. ఉప్పునీళ్లు సీటు దాకా వస్తే తాళం తిప్పకుండా బ్యాటరీ తీగ ఊడదీసి, మంచినీళ్లతో కడిగించి, మేస్త్రిని పిలవాలి.

పండగలకు కూడా ఇదే వర్తిస్తుంది. ఆయుధపూజ నాడు బండికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు నలిపిస్తాం. భక్తికి అడ్డు చెప్పను. అయితే కుంకుమ తడిసి ఎండితే తెల్ల కారు మీద మచ్చ పోదు, నిమ్మరసం రంగుకూ అల్యూమినియం చక్రాలకూ పడదు. దణ్ణం పెట్టుకుని సాయంత్రానికి నీళ్లు కొట్టేస్తే అమ్మవారు ఏమీ అనుకోదు.

నిలబడి ఉన్నా ఖర్చే

బ్యాటరీ విషయంలో నా నమ్మకం ఒకటి తలకిందులైంది. మాటిమాటికీ సెల్ఫ్ కొడితే బ్యాటరీ అయిపోతుందని అందరిలాగే నేనూ అనుకున్నాను. లెక్కేసి చూడండి. సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్లు లాగుతుంది, నిజమే, కానీ రెండు సెకన్లే. అది 0.08 ఆంపియర్ అవర్‌కు కాస్త ఎక్కువ. అదే కారు తాళం వేసి నిలబెడితే గడియారం, అలారం, కంప్యూటర్ జ్ఞాపకాలు అన్నీ కలిపి 50 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతాయి. రోజుకు 1.2 ఆంపియర్ అవర్. అంటే ఒక్కరోజు ఊరికే నిలబడితే పద్నాలుగు సార్లు సెల్ఫ్ కొట్టినంత ఖర్చు! చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్ అనుకుంటే పదిహేను రోజులకు సగం ఖాళీ. ఊరెళ్లి నెల తర్వాత ఓడ దిగి, ఇంటికొచ్చి తాళం తిప్పితే టిక్కు టిక్కుమని మూలగడానికి కారణం అదే.

పెద్ద సెలవకు వెళ్లేముందు మైనస్ తీగ ఊడదీసి పెట్టడం ఒక్క నిమిషం పని, పది నంబరు స్పానర్ చాలు. వోల్ట్ మీటరు చవకైనది ఒకటి ఉంటే ఇంకా మంచిది. బండి ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 అంటే పావు. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. లేకపోతే తప్పు బ్యాటరీది కాదు, ఛార్జింగ్‌ది. ఆ సంగతి తెలియక కొత్త బ్యాటరీ కొన్నవాళ్లు నాకు తెలుసు. బ్యాటరీ కొమ్ముల మీద తెల్లగా, పచ్చగా పట్టే పొడిని వేడినీళ్లతో కడిగి, ఆరాక వాజిలిన్ రాయడం మరిచిపోవద్దు.

టైర్లదీ ఇదే ధోరణి. నలభై వేల కిలోమీటర్లు నడిచే టైరు నాకు పదేళ్లు రావాలి. రాదు. అరగకముందే రబ్బరు గట్టిపడి పక్క గోడల మీద సన్నటి పగుళ్లు వస్తాయి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది: 2317 అంటే 2017లో 23వ వారంలో తయారైందని. కొనేటప్పుడు అది చూసి కొనండి, దీవికి చేరేసరికే కొన్ని టైర్లకు ఏడాది నిండి ఉంటుంది. కాలువ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చాలన్నది చట్టం. గాలి నెలకు ఒకటి రెండు పీఎస్ఐ తనంతట తనే తగ్గుతుంది, కాబట్టి నెలకోసారి పట్టించాలి. ఎంత పట్టాలో డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీద రాసి ఉంటుంది. స్టెప్నీలోనూ ఉండాలి, అది అవసరం పడే రోజునే అందరికీ గుర్తొస్తుంది.

బ్రేకులు మాత్రం తేలిగ్గా తీసుకునేవి కావు. మా ఊరి పక్క నుంచే మౌంట్ మణిపూర్ ఘాట్ రోడ్డు. కారు, అందులో మనుషులు కలిపి 1,200 కిలోలు, 350 మీటర్ల ఎత్తు దిగారనుకుందాం. ఆ బరువు కిందికి దిగేటప్పుడు విడుదలయ్యే శక్తి 41 లక్షల జౌళ్లు. అది 14 లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగించడానికి సరిపోతుంది. గేరు న్యూట్రల్ చేసి బ్రేకు మీదే దిగితే ఆ వేడి దాదాపుగా నాలుగు చక్రాల దగ్గరే పుడుతుంది. బ్రేక్ ఆయిల్‌కు గాలిలో తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. అందులో 3.7 శాతం నీరు చేరితే ప్రమాణం ప్రకారం అది 155కి పడిపోవచ్చు. మరిగితే బుడగలు, బుడగలొస్తే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి ఆగదు. దీనికీ కిలోమీటర్లతో పనిలేదు. కారు షెడ్డులో ఉన్నా బ్రేక్ ఆయిల్ తేమ తాగుతూనే ఉంటుంది. రెండేళ్లకోసారి మార్చండి, రెండో గేరులో దిగండి.

కొనమనేవీ, వద్దనేవీ

మట్టి రేకులు, అదే మడ్ ఫ్లాప్‌లు, నాలుగు చక్రాలకూ తప్పనిసరి. కిటికీల మీద వాన విజర్లు మంచివి, వాన పడుతున్నా అద్దం వేలెడు దించి లోపలి ఆవిరి బయటికి పంపొచ్చు. లేకపోతే సీటు బెల్టుల మీద బూజు పడుతుంది. కాళ్ల కింద రబ్బరు ట్రేలు చాలు. ఇప్పుడు అందరూ వేయిస్తున్న మందపాటి 7డీ మ్యాట్లు చూడ్డానికి రాజసంగా ఉంటాయిగానీ, వాటి కిందికి వెళ్లిన తడి ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. మా ఇంటి వెనక ఒకాయన మ్యాటు లేపి చూస్తే కింద రేకు గోధుమ రంగు అప్పడంలా ఉంది. చక్రాల గూళ్ల చుట్టూ డబుల్ టేపుతో అంటించే క్రోమ్ పట్టీలు ఇంకా ఘోరం, ఆ సందులో ఉప్పునీరు దాచిపెట్టడానికి డబ్బిచ్చినట్టే. ప్లాస్టిక్ కవరు కప్పడం కూడా అంతే, ఈ తేమలో కారును ఉడకబెట్టినట్టు. నాలుగు వైపులా గాలి ఆడే రేకు షెడ్డు నయం.

ముందు కట్టే ఇనప గార్డులను కేంద్రం 2017 డిసెంబరులోనే చట్టవిరుద్ధమని రాష్ట్రాలకు చెప్పింది. దెబ్బ తగిలినప్పుడు ఎయిర్ బ్యాగ్ సెన్సార్లను అవి తప్పుదారి పట్టిస్తాయి. అద్దాలకు నల్ల ఫిల్ములు అంటించడాన్ని 2012లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. కాంతి ముందూ వెనకా అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం రావాలన్నది నియమం. హెడ్‌లైటుకు 60/55 వాట్ల బల్బు ఉండే చోట 100/90 పెడితే వైర్లు కరుగుతాయి, ఎదురొచ్చేవాడికి కళ్లు పోతాయి. డాష్‌బోర్డు మీద వెంకన్నను ఎడమ వైపు ఎయిర్ బ్యాగ్ మూత మీద కూర్చోబెట్టకండి. ఆ మూత సెకనులో కొన్ని వందో వంతుల్లోనే తెరుచుకుంటుంది. స్వామిని కాస్త మధ్యకు జరిపితే అందరికీ క్షేమం. సీట్లలో ఎయిర్ బ్యాగులున్న కార్లకు కవర్లు వేయించేటప్పుడు ఆ పక్క కుట్టు వదిలే రకమే అడగాలి.

ఇక నేను డబ్బిచ్చి మరీ చెడగొట్టుకున్న పని. మూడేళ్ల క్రితం ఒక షాపులో అడుగు కోటింగ్ వేయించాను. నల్లటి తారు లాంటి రబ్బరు పూత. పూత తప్పు కాదు, శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, సరిగ్గా వేస్తే అది నిజంగా కాపాడుతుంది. ఆ కుర్రాళ్లు ఉదారంగా అంతటా కొట్టేశారు. నేనూ సంతోషించాను. ఆ ఏడు వానలకు మలుపు తిరిగినప్పుడల్లా తలుపులో ఎవరో కుండ తొణికించినట్టు చప్పుడు.

కారు తలుపులోకి నీళ్లు వెళ్లడం లోపం కాదని నాకు అప్పటికి తెలియదు. అద్దం పైకీ కిందికీ జారాలి కాబట్టి ఆ సందున వాన లోపలికి వెళ్తుంది, వెళ్లేలాగే చేశారు. వెళ్లిన నీరు తలుపు అడుగున ఉన్న రెండు మూడు చిన్న రంధ్రాల్లోంచి కారిపోవాలి. తలుపు తెరిచి, అడుగు అంచును వేలితో తడిమితే రబ్బరు పట్టీకి కాస్త లోపలగా తగులుతాయవి, శెనగ గింజ పట్టేంత సందులు. ఆకు పొట్టూ దుమ్మూ పేరుకున్నా మూసుకుపోతాయి. నావి ఆ నల్ల పూతతో మూసుకుపోయాయి.

మేస్త్రి కొబ్బరి చీపురులోంచి ఒక పుల్ల విరిచి ఇచ్చాడు. "ఇనప సువ్వ పెట్టకు బాబూ, రంగు గీసుకుపోద్ది" అన్నాడు. ఎడమ వైపు ముందు తలుపు కింద చెంబు పెట్టి, పుల్లతో పూత చీల్చాను. టీ రంగు నీళ్లు సన్నటి ధారగా వచ్చాయి. చెంబు నిండింది, పారబోసి మళ్లీ పెడితే సగం నిండింది. లీటరున్నర. వెనక తలుపులో అర చెంబు.

కుడి వైపు ముందు తలుపు కూడా అలాగే పొడిచాను. చుక్క రాలేదు. అదైనా బాగుందని తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటుంటే మేస్త్రి వంగి, బొటనవేలితో అంచు మడతను నొక్కాడు. రేకు బిస్కట్టులా విరిగి ఆయన వేలు లోపలికి దిగింది. ఆ తలుపు ఎప్పుడో తన రంధ్రం తనే చేసుకుంది.